మెజర్ కాలమ్ దాకా స్క్రోల్ చేశారా?

(పీజీ స్టూడెంట్స్ కోసం పెట్టిన రీసెర్చ్ మెథడాలజీ వర్క్‌షాప్‌లో మధ్యాహ్నం మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినిపిస్తోందా? మైక్ కొంచెం గరగరలాడుతోంది, సర్దుకోండి. భోజనాలయ్యాక స్టాటిస్టిక్స్ క్లాస్ పెట్టింది ఎవరో గానీ మంచి మనసున్న మనిషి కాదు. నిద్రొస్తే పడుకోండి, గురక మాత్రం పెట్టకండి, రికార్డ్ అవుతోంది.

ఇవాళ నేను మాట్లాడేది ఒకే ఒక్క కాలమ్ గురించండీ. ఎస్‌పీఎస్‌ఎస్, అదే మనం లెక్కలకి వాడే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్, తెరిచి కింద వేరియబుల్ వ్యూ నొక్కితే నేమ్, టైప్, విడ్త్, డెసిమల్స్, లేబుల్, వాల్యూస్, మిస్సింగ్, కాలమ్స్, అలైన్ అని వరసగా వస్తాయి కదా, ఆ తర్వాత పదోది మెజర్. చిన్న ల్యాప్‌టాప్ అయితే మిస్సింగ్ దగ్గరికొచ్చేసరికే స్క్రీన్ అయిపోతుంది, కుడివైపుకి జరిపితే గానీ మెజర్ కనపడదు, అందుకే సగం మంది దాన్ని జన్మలో చూసి ఉండరు. ఎంతమంది చూశారు, చేతులెత్తండి... ఆ, అదే, పదిమంది కూడా లేరు.

నా దగ్గరికి థీసిస్ డేటా పట్టుకుని చాలామంది వస్తుంటారు. ఎవరు, ఎక్కడ అన్నది వదిలేయండి. ఒకమ్మాయి టేబుల్ వన్, అంటే స్టడీలో ఉన్నవాళ్ళ వివరాల పట్టిక, ప్రింట్ తీసుకొచ్చింది. ఏజ్, మీన్, అంటే సగటు, ఇంత ప్లస్ ఆర్ మైనస్ ఇంత, బావుంది. హైట్, వెయిట్, బావుంది. దాని కింద మ్యారిటల్ స్టేటస్, 1.87 ± 0.62. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను. ఏంటమ్మా ఇది అంటే, సార్, సాఫ్ట్‌వేర్ ఇచ్చింది సార్ అంది. పెళ్ళి కానివాళ్ళకి 1, అయినవాళ్ళకి 2, భర్తో భార్యో పోయినవాళ్ళకి 3, విడిపోయినవాళ్ళకి 4 అని కోడ్ వేసుకుంది, అన్నీ సెలెక్ట్ చేసి మీన్ అడిగింది, అదిచ్చింది. ఇప్పుడు 1.87 అంటే ఏంటి, నూటికి ఎనభై ఏడు పాళ్ళు పెళ్ళయిందనా? తాళి కట్టబోతుంటే కరెంటు పోయిందా? (నవ్వులు)

నవ్వుకోండి గానీ ఆ అమ్మాయి తప్పేం లేదు. తప్పయితే సాఫ్ట్‌వేర్ ఇవ్వదు కదా అనుకుంది, లేదా ఎర్రగా ఏదో ఒకటి చూపిస్తుంది కదా అనుకుంది. ఇక్కడే మోసపోతాం. దానికి 2 అంటే 2, అంతే. అది రెండు కిలోలా, రెండో ర్యాంకా, రెండో నెంబరు బస్సా అన్నది దానికి తెలీదు, చెప్పాల్సింది మనం, ఆ చెప్పే చోటే ఈ మెజర్ కాలమ్.

అందులో మూడే ఉంటాయి. స్కేల్, పక్కన స్కేలు బద్ద బొమ్మ. ఆర్డినల్, పక్కన మెట్లలాగా ఒకదానికంటే ఒకటి ఎత్తున్న కడ్డీలు. నామినల్, మూడు రంగుల బంతులు. పుస్తకంలో నిర్వచనాలు మీరెలాగూ పరీక్షకి బట్టీ పట్టారు కాబట్టి నేను మళ్ళీ చెప్పను. నేను వాడే పద్ధతి చెప్తాను, తీసివేత చేసి చూడండి. మీ వేరియబుల్‌లో, అంటే మీరు కొలిచి రాసుకున్న ఒక అంశంలో, రెండు విలువలు తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి, వచ్చిన దానికి అర్థం ఉందా లేదా చూడండి.

పిన్‌కోడ్ తీసుకుందాం. హైదరాబాద్ జీపీవో 500001, విజయవాడ 520001, విశాఖపట్నం 530001. విశాఖలోంచి విజయవాడ తీసేస్తే 10000. పదివేల ఏంటి? కిలోమీటర్లా? ఏం లేదు. పోనీ విశాఖ విజయవాడ కంటే పెద్దదా, ఎక్కువా? అదీ లేదు. (వైజాగ్ వాళ్ళెవరో చప్పట్లు కొడుతున్నారు, ఆపండి.) అంటే తీసివేతా కుదర్లేదు, పెద్దా చిన్నా కూడా కుదర్లేదు, అది పేరు అంతే, అంకెల్లో రాసిన పేరు. నామినల్.

ఇప్పుడు ఎంసెట్ ర్యాంకు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారులెండి, మా వయసు వాళ్ళకి అది ఎప్పటికీ ఎంసెట్టే. ఒకటో ర్యాంకు రెండో ర్యాంకు కంటే మేలు, ఇందులో అనుమానం లేదు, మీ ఇంట్లో మిమ్మల్ని పక్కింటి అబ్బాయితో పోల్చినప్పుడే అర్థమయి ఉంటుంది. కానీ తీసివేసి చూడండి. పైన ఒకటో ర్యాంకుకీ యాభయ్యో ర్యాంకుకీ మధ్య నాలుగైదు మార్కుల తేడా ఉండొచ్చు, కింద జనం కిక్కిరిసి ఉన్న చోట ఒక్క మార్కు పోతే ర్యాంకు వందల్లో, ఒక్కోసారి వేలల్లో వెనక్కి పోతుంది. అంటే వరస ఉంది, ఎడం మాత్రం సమానంగా లేదు. ఇది ఆర్డినల్. మీ డేటాలో పెయిన్ స్కోర్, క్యాన్సర్ స్టేజ్, చదువు ఎంతవరకూ అన్నది, ఇవన్నీ ఈ జాతే. స్టేజ్ 2 నుంచి 3కి పోవడం, 3 నుంచి 4కి పోవడం ఒకటే దూరం అని ఏ పేషెంట్‌కైనా చెప్పగలరా మీరు?

మిగిలింది స్కేల్. బరువు, బీపీ, షుగరు, ఆస్పత్రిలో ఉన్న రోజులు, తీసివేస్తే అర్థం ఉంటుంది. పుస్తకంలో దీన్ని మళ్ళీ రెండు చేసి ఇంటర్వల్, రేషియో అంటారు, ఎస్‌పీఎస్‌ఎస్ వాళ్ళు రెండింటినీ కలిపేసి స్కేల్ అన్నారు. తేడా ఏంటంటే, రెంటచింతలలో 40 డిగ్రీలుంది, లంబసింగిలో 20 ఉంది అనుకోండి, ఇక్కడ డబుల్ వేడి అనొచ్చా? సెల్సియస్‌లో డబులే. అదే ఫారన్‌హీట్‌లో వేస్తే 104, 68, ఒకటిన్నర రెట్లు. కెల్విన్‌లో వేస్తే 313, 293, వందకి ఏడు పాళ్ళు ఎక్కువ, అంతే. యూనిట్ మార్చినప్పుడల్లా రెట్టింపు కాస్తా మారిపోతుంటే అది నిజమైన రెట్టింపు కాదన్నమాట. అదే 40 కేజీలు, 20 కేజీలు అయితే పౌండ్లలో కొలిచినా డబులే. అయితే ఎస్‌పీఎస్‌ఎస్‌లో టీ టెస్టుకి, అంటే రెండు గుంపుల సగటులు పోల్చే లెక్కకి, ఈ తేడాతో పన్లేదు కాబట్టి దీని మీద ఇంతకంటే టైమ్ పెట్టను.

అసలు సంగతికొద్దాం. మనం ఆ కాలమ్ ముట్టుకోకపోతే ఏమవుతుంది? ఎక్సెల్ ఫైల్ లోపలికి తెచ్చుకున్నప్పుడు అది ఊహిస్తుంది. ఎలా ఊహిస్తుంది అంటే, ఆ కాలమ్‌లో వేరువేరు విలువలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. మామూలుగా 24 అని హద్దు ఉంటుంది, ఎడిట్‌లో ఆప్షన్స్‌లో డేటా ట్యాబ్‌లో కనపడుతుంది, కావాలంటే మార్చుకోవచ్చు. 24 కంటే తక్కువ రకాలుంటే నామినల్, 24 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే స్కేల్. ఇంకా చిన్న చిన్న రూల్స్ ఉన్నాయి, అన్నీ పెద్ద పెద్ద అంకెలైతే స్కేల్, నెగటివ్ అంకె ఒక్కటున్నా స్కేల్, అలా.

ఇప్పుడు దీన్ని మన డేటా మీద పెట్టి చూడండి. ఆస్పత్రిలో ఉన్న రోజులు, 1 నుంచి 18 దాకా ఉన్నాయి, పద్దెనిమిది రకాలే, నామినల్ అంటుంది. పక్కా స్కేల్ అది. పిల్లల సంఖ్య, 0 నుంచి 6, నామినల్ అంటుంది. పెయిన్ స్కోర్ 0 నుంచి 10, నామినల్ అంటుంది. పిన్‌కోడ్? స్కేల్! సీరియల్ నెంబరు ఒకటి నుంచి వంద? స్కేల్! అన్నిటికంటే ముఖ్యం, ఆర్డినల్ అని అది తనంతట తాను ఎప్పుడూ అనుకోదు, ఎందుకంటే అంకెల్ని ఎంతసేపు చూసినా వరస ఉందో లేదో తెలీదు, ఆ సంగతి అంకెల్లో ఉండదు, ప్రొఫార్మా, అంటే డేటా రాసుకునే ఫారం, రాసినవాళ్ళ బుర్రలో ఉంటుంది.

ఇంకో ప్రశ్న మీరే అడగాలి, ఎవరూ అడగట్లేదు. సరే, నామినల్ అని సరిగ్గా పెట్టాం, అప్పుడైనా మీన్ ఇవ్వకుండా ఆపుతుందా? ఆపదు. ఫ్రీక్వెన్సీస్‌లోకి వెళ్ళి మీన్ టిక్ పెడితే నామినల్‌కైనా ఇచ్చేస్తుంది. టీ టెస్ట్ అడిగితే చేసేస్తుంది. మరి ఈ కాలమ్ ఎందుకు ఉన్నట్టు? కొన్ని చోట్ల పట్టించుకుంటుంది. చార్ట్ బిల్డర్ తెరవగానే మెజర్‌మెంట్ లెవెల్ సరిగ్గా పెట్టారా అని ఒక బాక్స్ అడుగుతుంది చూడండి, మనం చదవకుండా ఓకే కొట్టేస్తాం, అదే. కస్టమ్ టేబుల్స్‌లో అయితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, నామినల్, ఆర్డినల్ అయితే ఒక్కో కేటగిరీకి ఎంతమంది అని వరస వరసలుగా విప్పుతుంది, స్కేల్ అయితే ఒక్క మీన్ పెట్టి ఊరుకుంటుంది. అందుకే కొంతమందికి జెండర్ లాగితే మగ, ఆడ అని రాకుండా 1.46 అని ఒక్క అంకె వచ్చి కూర్చుంటుంది, సాఫ్ట్‌వేర్ పాడైందని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. నవ్వకండి, నిజంగా చేశారు.

ఎవరో చెయ్యెత్తారు... ఆ, చెప్పమ్మా. టైప్ కాలమ్‌లో న్యూమరిక్ అని ఉంది కదా, మళ్ళీ మెజర్ ఎందుకు అంటోంది. మంచి ప్రశ్న. టైప్ అంటే ఎలా రాసుకున్నాం అన్నది, అంకెలా అక్షరాలా అని. మెజర్ అంటే ఆ రాసిందానికి అర్థం ఏంటి అన్నది. బ్లడ్ గ్రూప్‌ని 1, 2, 3, 4 అని రాసుకున్నా అది న్యూమరిక్ టైపే, అర్థం మాత్రం నామినల్. ఈ రెండూ కలిపేసుకుంటేనే గొడవలన్నీ. ఎక్సెల్‌లో అయితే ఈ రెండో కాలమే లేదు, అందుకే అది ఇంకా దారుణం. ఎస్టీడీ కోడ్ 0866 అని కొట్టి చూడండి, సున్నా మింగేసి 866 అంటుంది, ఎందుకంటే అది అంకె అనుకుంది, అంకెకి ముందు సున్నాకి విలువ లేదు కదా మరి. ఆధార్ నెంబరు కొడితే పన్నెండంకెలు కాస్తా మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ పదకొండు అని కుంచించుకుపోతుంది. పదహారంకెల కార్డు నెంబరైతే మరీ అన్యాయం, పదిహేనంకెల వరకే గుర్తుంచుకుంటుంది, చివరిది సున్నా చేసేస్తుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఐడీ నెంబర్ల కాలమ్‌కి టైప్ చేసేముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టండి.

మీలో కొందరు ఎస్‌పీఎస్‌ఎస్ డబ్బులెక్కువని ఆర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నారు, ఇంకొందరు జమోవి అనేది వాడుతున్నారు. జమోవి నాకిష్టం, ఫ్రీ, పైగా అందులో నాలుగో రకం కూడా ఉంది, ఐడీ అని. ఇది గుర్తుపట్టడానికే, లెక్కలకి కాదు అని చెప్పడానికి. నామినల్, ఆర్డినల్, కంటిన్యుయస్, ఐడీ. ఏ బాక్స్‌లో ఏ రకం వెయ్యాలో ఆ బాక్స్ మూలన చిన్న బొమ్మలు కూడా ఉంటాయి.

ఆర్ గురించి అయితే నా సొంత బాగోతం చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, అయిదేళ్ళ లోపు పిల్లల బరువుల డేటా ఒకటి చేశాను. ఎంట్రీ చేసినవాళ్ళలో ఎవరో ఒక్క గడిలో, ఒకే ఒక్క గడిలో, 12.5 పక్కన కేజీ అని రాశారు. పాపం నీట్‌గా ఉంటుందని రాసుంటారు. ఆ ఒక్క అక్షరంతో కాలమ్ మొత్తం టెక్స్ట్ అయిపోయింది. అప్పట్లో ఆర్ టెక్స్ట్ కాలమ్ చదవగానే దాన్ని ఫ్యాక్టర్ చేసేసేది, అంటే నామినల్ అన్నమాట, 2020లో నాలుగో వెర్షన్ వచ్చాక గానీ ఆ అలవాటు మానలేదు. నేనేం చేశాను, అయ్యో ఫ్యాక్టర్ అయిందే అని యాజ్ డాట్ న్యూమరిక్ అని, అంటే అంకెలుగా మార్చే కమాండ్, కొట్టాను. అంకెలు వచ్చేశాయి, మీన్ తీశాను, 15 కేజీలకి అటూఇటూగా వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. అయిదేళ్ళ లోపు పిల్లలు, 15 అంటే కాస్త ఎక్కువే గానీ నమ్మేలానే ఉంది కదా? నేనూ నమ్మాను.

లోపల ఏం జరిగిందంటే, చిన్న ఉదాహరణ చెప్తాను, బోర్డు మీద చూడండి. 10, 20, 5 అని మూడు విలువలు టెక్స్ట్‌గా ఉన్నాయి. ఫ్యాక్టర్ చేస్తే వాటిని డిక్షనరీలో మాటల్లాగా సర్దుతుంది, 1తో మొదలయ్యేది ముందు, తర్వాత 2, తర్వాత 5. కాబట్టి 10కి ఒకటో నెంబరు, 20కి రెండు, 5కి మూడు. న్యూమరిక్ చెయ్యమంటే ఈ వరస నెంబర్లు ఇస్తుంది, అసలు విలువలు కాదు. పది కేజీల పిల్లాడు ఒక కేజీ, అయిదు కేజీల పాప మూడు కేజీలు! నా డేటాలో ముప్ఫై చిల్లర రకాల బరువులున్నాయి, కాబట్టి కోడ్లు 1 నుంచి ముప్ఫై చిల్లర దాకా, వాటి సగటు 15 దరిదాపుల్లో రాక ఇంకేమొస్తుంది. రిపోర్టు పంపే ముందు రోజు సాయంత్రం పక్క సీటు కొలీగ్ కనీసం, గరిష్ఠం చూసి, ఏంటండీ మీ నాలుగేళ్ళ పిల్లాడు కేజీ ఉన్నాడు, బతికే ఉన్నాడా అని అడిగింది. చెమటలు పట్టేశాయి. ముందు టెక్స్ట్‌గా మార్చే యాజ్ డాట్ క్యారెక్టర్, ఆ తర్వాత యాజ్ డాట్ న్యూమరిక్, ఈ వరసలో చెయ్యాలి. మీన్ ఒక్కటే చూసి ఎప్పుడూ ఊరుకోవద్దు, 1.87 పెళ్ళిళ్ళయితే నవ్వొచ్చి దొరికిపోతుంది, 15 కేజీలు దొరకదు.

ఫ్యాక్టర్లతో ఇంకోటి, వరస. లో, మీడియం, హై అని ఇంగ్లీష్‌లో ఎంట్రీ చేశారనుకోండి, ఆర్ వాటిని అక్షరక్రమంలో హై, లో, మీడియం అని పెడుతుంది, బార్ చార్ట్‌లోనూ అదే వరస. తెలుగులో రాసినా తప్పించుకోలేం, తమాషా ఏంటంటే ఎక్కువ, తక్కువ, మధ్యస్థం, అక్షరక్రమంలో సర్దితే సరిగ్గా అదే తప్పు వరస వస్తుంది! లెవెల్స్ అని మనమే చెప్పాలి, ఆర్డర్డ్ అని కూడా చెప్పాలి. చెప్పాక ఇంకో భయం, రిగ్రెషన్, అంటే ఒకదాన్ని బట్టి ఇంకోటి ఎంత మారుతోందో చూసే లెక్క, రన్ చేస్తే ఎడ్యుకేషన్ డాట్ ఎల్, డాట్ క్యూ, డాట్ సి అని వస్తాయి, ప్రైమరీ, సెకండరీ అనే పేర్లేమైపోయాయి అని కంగారు. ఏం కాలేదు, వరస ఉందన్నారు కదా అని మెట్లు ఎక్కే తీరు సూటిగా ఉందా, వంపు తిరిగిందా అని విడగొట్టి చూపిస్తోంది. పేర్లతో కావాలంటే మామూలు ఫ్యాక్టర్‌గా పెట్టుకోండి, తప్పేం లేదు.

స్టాటా అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళున్నారా? ఇద్దరు. మీకు కాలమే లేదు, వాడే చోట చెప్పాలి. డిస్ట్రిక్ట్ ముందు ఐ చుక్క పెడితే కేటగిరీ, పెట్టకపోతే రిగ్రెషన్‌లో మామూలు అంకె. తెలంగాణ 33 జిల్లాలకి 1 నుంచి 33 దాకా కోడ్ వేసి ఐ చుక్క మర్చిపోయారనుకోండి, జిల్లా ఒకటి పెరిగితే బీపీ ఇంత పెరుగుతుంది అని వస్తుంది, పీ వాల్యూ, అదే ఫలితం యాదృచ్ఛికం కాదని చెప్పుకోడానికి అందరూ చూసే అంకె, 0.03 కూడా వచ్చిందనుకోండి ఇక డిస్కషన్‌లో రెండు పేజీలు రాసేస్తారు.

సరే, ఇంతసేపూ రూల్స్ చెప్పాను, ఇప్పుడు ఈ రూల్స్ ఎవరు పెట్టారో చెప్తాను, ఎందుకంటే గైడ్‌తో వాదించాల్సి వస్తే పనికొస్తుంది. హార్వర్డ్‌లో స్టీవెన్స్ అని సైకాలజిస్టు, శబ్దం ఎంత గట్టిగా వినపడుతోంది అన్నది కొలిచేవాడు. మనిషికి అనిపించేదాన్ని కొలవొచ్చా అసలు అని బ్రిటన్‌లో ఫిజిక్స్ వాళ్ళూ సైకాలజీ వాళ్ళూ కమిటీ వేసుకుని ఏడేళ్ళు కొట్టుకున్నారు, తేల్లేదు. దానికి జవాబుగా ఈయన 1946లో సైన్స్ పత్రికలో నాలుగు పేజీలు రాశాడు, ఆ నాలుగు పేజీలే నామినల్, ఆర్డినల్, ఇంటర్వల్, రేషియో. ఆర్డినల్‌కి మీన్ వెయ్యకూడదని అందులోనే అన్నాడు, కానీ వేస్తే చాలాసార్లు పనికొచ్చే ఫలితాలే వస్తున్నాయని కూడా అదే పేపర్లో ఒప్పుకున్నాడు. మన పుస్తకాల్లో మొదటి సగమే మిగిలింది.

తర్వాత 1953లో ఫ్రెడరిక్ లార్డ్ ఒక కథలాంటిది రాశాడు, ఫుట్‌బాల్ జెర్సీ నెంబర్ల మీద. జూనియర్లకి చిన్న నెంబర్లే ఇచ్చారని గొడవైతే, నెంబర్ల మీన్ తీసి టెస్ట్ చేయొచ్చా అని. అందులో స్టాటిస్టీషియన్ అంటాడు, అంకెలకి అవి ఎక్కడినుంచి వచ్చాయో గుర్తుండదు కదా అని. నిజమే, జెర్సీలు పంచడంలో మోసం జరిగిందా అన్నదే ప్రశ్న అయితే ఆ మీన్ పనికొస్తుంది. అంటే ఏ ప్రశ్న అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి లెవెల్ మారుతుంది. 1993లో వెల్‌మన్, విల్కిన్సన్ అని ఇద్దరు ఇంకా గట్టిగా వాదించారు, ఈ నాలుగు పెట్టెల్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి జనాన్ని కట్టడి చెయ్యొద్దని. సరదా ఏంటంటే ఇద్దరూ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళే, ఒకాయన డేటా డెస్క్, ఇంకొకాయన సిస్టాట్.

నేనెటు అంటే, కొంచెం అటూ కొంచెం ఇటూ. ఉదాహరణకి టైమ్, యాక్సిడెంట్ జరిగిన టైమ్. రాత్రి 11కి ఒకటి, తెల్లవారుజామున 1కి ఒకటి. 23, 1, సగటు తీస్తే 12, మిట్టమధ్యాహ్నం! జరిగినవి రెండూ అర్ధరాత్రి చుట్టూనే. ఇది ఆ నాలుగు పెట్టెల్లో దేన్లో పెడతారు? దేన్లోనూ పట్టదు, అది చుట్టూ తిరిగొచ్చే డేటా, దానికి లెక్కలు వేరు.

ఇక లైకర్ట్, దీని మీద అడగకుండా మీరు నన్ను బయటికి పోనివ్వరు. చాలా అసంతృప్తి 1 నుంచి చాలా సంతృప్తి 5 దాకా. నా పద్ధతి ఏంటంటే, పది పదిహేను ప్రశ్నలు కలిపి టోటల్ స్కోర్ చేశారా, దాన్ని స్కేల్‌గా వాడుకోండి, నేనేం అనను. ఒక్క ప్రశ్నకి మీన్ మాత్రం ఒక్కటే ఇచ్చి వదలకండి. రెండు ఓపీలు ఉన్నాయి, ఒకదాంట్లో అందరూ 3 కొట్టారు, ఇంకోదాంట్లో సగం మంది 1, సగం మంది 5. రెండింటికీ మీన్ 3. మొదటి ఓపీలో ఎవరికీ పెద్దగా పట్టింపు లేదు, రెండోదాంట్లో సగం మంది తిట్టుకుంటూ పోతున్నారు, బహుశా లైన్లో నిలబడ్డ సగం. పర్సెంటేజీలు వేసి చూపిస్తే ఆ తేడా కనపడుతుంది.

మా గైడ్ మీనే కావాలన్నారు సార్ అంటున్నాడు వెనకాల. (నవ్వులు) ఇచ్చెయ్ నాయనా, దాని పక్కనే పర్సెంటేజీ కూడా పెట్టు, గైడ్‌తో గొడవ పెట్టుకుని డిగ్రీ ఆపుకోమని నేను చెప్పను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ప్రొఫార్మా ఇంకా ప్రింట్ కానివాళ్ళు వినండి. వయసు అడిగేటప్పుడు 18–30, 31–45 అని గడులు పెట్టకండి, ఏళ్ళు రాసుకోండి. హిమోగ్లోబిన్ నెంబరు రాసుకోండి, ఎనీమియా, అదే రక్తహీనత, మైల్డ్, మోడరేట్ అని టిక్కులు వద్దు. డబ్ల్యూహెచ్‌వో లెక్కలో గర్భిణి కాని ఆడవాళ్ళకి 8.0 నుంచి 10.9 దాకా మోడరేట్, 11.0 నుంచి 11.9 మైల్డ్. 8.0 ఉన్న ఆవిడా 10.9 ఉన్న ఆవిడా ఒకే గడిలో, 10.9 ఉన్న ఆవిడా 11.0 ఉన్న ఆవిడా వేరే వేరే గడుల్లో. నెంబరుంటే గడులు ఎప్పుడైనా కట్టుకోవచ్చు, గడి నుంచి నెంబరుకి వెనక్కి రాలేం.

లాస్ట్ క్వశ్చన్. చెప్పు బాబూ. ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్, అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఫైల్ దించుకున్నావు, హిమోగ్లోబిన్ మీన్ 130 పైన వస్తోంది, ఎనీమియాతో రిగ్రెషన్ వేస్తే గుర్తు తిరగబడింది. రెండింటికీ కారణాలున్నాయి. వీ456లో, అంటే ఆ ఫైల్లో హిమోగ్లోబిన్ ఉన్న కాలమ్‌లో, చుక్క రాయరు, 11.5ని 115 అని పెడతారు, పదితో భాగించాలి. పైగా 900 దాటినవి హిమోగ్లోబిన్ కాదు, ఇంట్లో లేరు, రక్తం ఇవ్వడానికి ఒప్పుకోలేదు లాంటి వాటికి కోడ్లు, వాటిని మిస్సింగ్ చెయ్యకుండా మీన్ తీశావు, అందుకే పెరిగింది. రెండోది వీ457, ఎనీమియా లెవెల్, ఆర్డినలే, కానీ అందులో 1 అంటే సివియర్, 2 మోడరేట్, 3 మైల్డ్, 4 ఎనీమియా లేదు. నెంబరు పెరిగేకొద్దీ ఆరోగ్యం బావున్నట్టు, నువ్వు జబ్బు పెరిగినట్టు చదివావు. ఫైల్ పెన్ డ్రైవ్‌లో ఉందా? పట్రా, స్క్రీన్ మీద పెట్టు, ముందు ఆ 900 వాళ్ళు ఎంతమందో లెక్కపెడదాం.